క్వాంటమ్ డాట్‌లో వేడి, వోల్టేజ్ – 4వ పాఠం: ఈసారి చేత్తో లెక్క

పోయిన పాఠంలో క్వాంటమ్ డాట్‌లో, అంటే ఎలక్ట్రాన్లని బంధించి ఉంచే అతి చిన్న ముక్కలో, ఎనర్జీ లెవెల్స్ విడివిడిగా ఎందుకు ఉంటాయో చూశాం కదా, ఇవాళ పెన్నూ కాగితం తీసుకోండి. డాట్‌కి ఎడమవైపు వేడి లీడ్ (డాట్‌కి కలిపిన తీగ), 4.5 కెల్విన్. కుడివైపు చల్లటిది, 4 కెల్విన్. ఎలక్ట్రాన్ దాటడానికి మధ్యలో ఒక్కటే లెవెల్, అది చల్లటి వైపు ఫెర్మి లెవెల్ (ఎలక్ట్రాన్ దొరికే అవకాశం సరిగ్గా సగం ఉండే ఎనర్జీ) కంటే 1 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ పైన ఉంది. బయట ఏ లోడూ కలపలేదు. వోల్టేజ్ ఎంత?

సీబెక్ ఫార్ములా (టెంపరేచర్ తేడా నుంచి వోల్టేజ్ లెక్కగట్టేది) కోసం వెతక్కండి, అక్కర్లేదు. ఆ ఎత్తులో ఎలక్ట్రాన్ దొరికే అవకాశం రెండు వైపులా సమానమైతే కరెంట్ ఆగిపోతుంది. ఆ అవకాశం ఎంతో చెప్పే ఫెర్మి ఫంక్షన్‌కి కావలసింది ఎనర్జీ తేడాని టెంపరేచర్‌తో భాగిస్తే వచ్చేదే కాబట్టి ఆ భాగఫలం రెండు చోట్లా ఒకటే ఉండాలి. చల్లటి వైపు 1/4 అంటే 0.25. వేడి వైపూ అంతే రావాలంటే తేడా 4.5 × 0.25 = 1.125 కావాలి. అంటే రెండు ఫెర్మి లెవెల్స్ మధ్య 0.125 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్, వోల్టేజ్ 125 మైక్రోవోల్ట్‌లు. అర కెల్విన్‌కే ఇంత! కెల్విన్‌కి 250 అన్నమాట. మామూలు రాగి తీగ గది వేడిమిలో కూడా కెల్విన్‌కి 2 దాటదు.

ప్లస్, మైనస్ గుర్తు దగ్గర నేను చాలాసార్లు బోర్లా పడ్డాను. లెవెల్ పైనుంటే ఎలక్ట్రాన్లు వేడి నుంచి చల్లటి వైపుకి పోతాయి, కిందుంటే ఎదురు. గేట్ వోల్టేజ్ (లెవెల్‌ని పైకీ కిందికీ జరిపేది) మార్చి లెవెల్‌ని సరిగ్గా ఫెర్మి లెవెల్‌ మీదికి తెస్తే కండక్టెన్స్ (కరెంట్‌ని పోనిచ్చే గుణం) గరిష్ఠం, కానీ థర్మో వోల్టేజ్ సున్నా. ఇది మొదట నమ్మబుద్ధి కాదు, రెండు వైపులా అవకాశం సగం సగమే అని గుర్తొచ్చేదాకా.

ఇంకో చిన్న భాగహారం. ఒక్కో ఎలక్ట్రాన్ వేడి లీడ్ నుంచి తీసుకునేది 1.125, పనిగా ఇచ్చేది 0.125, అంటే తొమ్మిదో వంతు. కార్నో హద్దు, అంటే వేడిలో పనిగా మార్చగలిగే గరిష్ఠ వంతు, 0.5/4.5, అదీ తొమ్మిదో వంతే! కాకపోతే కరెంట్ సున్నా కాబట్టి పవరూ సున్నా. పవర్ తీసుకుంటూనే కార్నో హద్దులో 70 శాతం పైన రాబట్టొచ్చని 2018లో స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీ వాళ్లు ఇండియం ఆర్సెనైడ్ నానోవైర్‌లోని డాట్‌తో చూపించారు. లీడ్స్‌లో లాటిస్ (పరమాణువుల అమరిక) గుండా కారిపోయే వేడిని మాత్రం ఆ లెక్కలో కలపలేదు.

వచ్చే పాఠంలోపు లెవెల్‌ని చల్లటి వైపు ఫెర్మి లెవెల్ కంటే 0.4 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్ట్ కిందికి దించి ఇదే లెక్క చేయండి. గుర్తు మారకపోతే ఎక్కడో తప్పు పడినట్టే.