అడుగున కదలని ట్రాప్: ప్యూజెట్ సౌండ్‌లో స్పాట్ రొయ్యల వేటకు సరంజామా

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్‌లో స్పాట్ రొయ్యల సీజన్ మే నెల దరిదాపుల్లో మొదలవుతుంది. చాలా ఏరియాల్లో తెరిచేది కొన్ని రోజులే, అందులోనూ కొన్ని గంటలే. పడవ ఎక్కాక ఎర మార్చుకోవచ్చు, చోటు మార్చుకోవచ్చు. తాడు చాలలేదని, ట్రాప్ (రొయ్యలు పట్టే వల గూడు) తేలికైపోయిందని అక్కడికి వెళ్లాక తెలిస్తే మాత్రం చేయగలిగిందేమీ ఉండదు. కాబట్టి అసలు పని ఇంటి దగ్గరే పూర్తికావాలి.

స్పాట్ రొయ్య సముద్రం అడుగున పాకుతూ తిరిగే జీవి. వాసన పట్టి వచ్చి, మీసాలతో తడుముకుంటూ ట్రాప్ గోడ ఎక్కి, గొట్టంలోంచి లోపలికి దిగుతుంది. ట్రాప్ ఊగుతుంటే, ఒక అంచు లేచి పడుతుంటే, అది ఎక్కదు. ట్రాప్ అడుగున చదునుగా, కదలకుండా కూర్చోవాలి. కింద చెప్పే బరువులు, తాళ్లు అన్నీ అందుకోసమే.

ట్రాప్ ఎంపిక

వాషింగ్టన్ రాష్ట్ర నిబంధనల ప్రకారం ట్రాప్ అడుగు చుట్టుకొలత 10 అడుగులు, ఎత్తు అడుగున్నర దాటకూడదు. అంటే చదరపు ట్రాప్ అయితే ఒక్కో వైపు 30 అంగుళాలు, గుండ్రటిదైతే అడ్డంగా 38 అంగుళాలు. స్పాట్ రొయ్యలకు వాడే ట్రాప్ వల కన్ను కనీసం అంగుళం ఉండాలి. అంటే 7/8 అంగుళం చదరపు పుల్ల అందులోంచి దూరాలి. చిన్న రొయ్యలు అడుగునే తప్పించుకుపోయేది ఆ కన్నుల్లోంచే. కొత్త ట్రాప్ కొన్నా ఒక పుల్ల చెక్కుకుని నాలుగు వైపులా కొలిచి చూడండి. ప్లాస్టిక్ పూత మందంగా ఉన్న తీగ వలలో కన్ను ఇరుకవుతుంది.

మడత ట్రాప్‌లు కారు డిక్కీలో సులువుగా పడతాయి కానీ తేలిక. వెల్డింగ్ చేసిన స్టీలు చట్రం ఉన్నది మోయడానికి కష్టం, అడుగున మాత్రం అదే బాగా నిలుస్తుంది. పడవలో చోటుంటే స్టీలుదే తీసుకోండి. గొట్టాల లోపలి అంచు అడుగుకు ఆనకుండా పైకి తేలి ఉండాలి. కిందికి వేలాడితే లోపలికి వచ్చిన రొయ్య అదే దారిన నడిచి బయటికి పోతుంది.

ట్రాప్ మూతను పట్టి ఉంచే కొక్కేన్ని ఏ పూతా లేని నూలు, జనపనార లేదా గోగునార దారంతో ఒంటి పేటగా కట్టాలి. మందం 1/8 అంగుళం మించకూడదు. తాడు తెగి ట్రాప్ పోయినా ఆ దారం కొన్నాళ్లకు కుళ్లి మూత తెరుచుకుంటుంది, లోపలున్నవి బతికి బయటపడతాయి. ఇది మరిచిపోతే పోయిన ట్రాప్ అడుగున చంపుతూనే ఉంటుంది. నైలాన్ దారం పనికిరాదు. నిరుడు కట్టిన నూలు దారం తీసేసి ప్రతి సీజన్‌కూ కొత్తది కట్టండి.

బరువు

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పడవ మీద బరువుగా అనిపించింది నీళ్లలో అలా ఉండదు. కాంక్రీటు ఇటుక నీళ్లలో తన బరువులో 40 శాతం దాకా పోగొట్టుకుంటుంది; 10 పౌన్ల ఇటుక అడుగున 6 పౌన్ల లెక్కే. స్టీలు పోగొట్టుకునేది 13 శాతం, సీసం 9 శాతం. అందుకని ఇటుకలు వద్దు, ఇనుప కడ్డీ వాడండి. అర అంగుళం రీబార్ (కాంక్రీటులో వేసే కడ్డీ) అడుగుకు సుమారు 0.67 పౌను తూగుతుంది. ట్రాప్ లోపల చుట్టూ సరిపోయేలా 9 అడుగుల కడ్డీ వంచి పెడితే 6 పౌన్లు, రెండు వరసలు పెడితే 12. మడత ట్రాప్‌కు రెండు వరసలు ఉండాల్సిందే. నీటి ఒరవడి గట్టిగా ఉండే చోట్ల ఇంకో 5 పౌన్లు కలపండి.

బరువు నాలుగు మూలలా సమానంగా పడాలి. ఒకే వైపు కట్టేస్తే ట్రాప్ దిగేటప్పుడే తిరగబడుతుంది. కడ్డీని జిప్ టైలతో కాక తీగతో గట్టిగా బిగించండి. లోపల కడ్డీ దొర్లుతుంటే ఎర డబ్బా పగులుతుంది.

తాడు, బోయ

తాడు నీళ్లలో మునగాలి. పాలీప్రొపిలీన్ తాడు తేలుతుంది, వచ్చే పోయే పడవల ప్రొపెల్లర్లకు చుట్టుకుని తెగిపోతుంది. తాడు నీటిపై తేలడానికి చట్టమూ ఒప్పుకోదు. సీసం పోగు కలిపి అల్లిన 5/16 అంగుళం తాడు చేతికీ బాగుంటుంది, పుల్లర్ (తాడు లాగే యంత్రం) చక్రానికీ బాగా పట్టుకుంటుంది.

పొడవు: లోతుకు మూడో వంతు కలపండి. 300 అడుగుల లోతుకు 400 అడుగుల తాడు. బొత్తిగా లోతుకు సరిపడా కట్టారనుకోండి, పోటు నీరు పెరిగి, దానికి ఒరవడి తోడైతే బోయ (తాడు పై కొసన తేలే గుర్తు) తాడును బిగలాగుతుంది. ట్రాప్ అడుగు నుంచి లేచి ఏటవాలులో కిందికి జారుతుంది, బోయ మునిగిపోతుంది, ఇక ట్రాప్ కనిపించదు. అలాగని మరీ ఎక్కువా మంచిది కాదు. 300 అడుగుల లోతులో 400 అడుగుల తాడు బిగిస్తే బోయ ట్రాప్‌కు సుమారు 265 అడుగుల దూరం దాకా పోగలదు. పక్కవాళ్ల తాడు పొడవు వేరైతే నీరు తిరిగినప్పుడు రెండూ పెనవేసుకుంటాయి.

ట్రాప్ నుంచి 20, 25 అడుగుల దూరంలో తాడుకు 3 పౌన్ల సీసం గుండు క్లిప్పుతో తగిలించండి. పైన బోయ ఎంత ఎగిరినా ఆ కుదుపు గుండు దగ్గరే ఆగిపోతుంది, ట్రాప్‌కు అందదు. చవకలో అయిపోయే పని, ఫలితం మాత్రం చాలా ఉంటుంది.

ట్రాప్‌కు కట్టే మూడు కాళ్ల పట్టు తాడు (ట్రాప్‌ను మూడు చోట్ల పట్టి పైన ఒక్కటయ్యేది) సమంగా ఉందో లేదో ఇంట్లోనే చూడండి. ట్రాప్‌ను కొక్కేనికి వేలాడదీసి, పైన నీళ్లు నిండిన గ్లాసు పెట్టండి. గ్లాసు జారితే ఒక కాలు పొట్టిదని అర్థం.

రొయ్యల బోయ పూర్తిగా పసుపు రంగులో ఉండాలి. ఎరుపు, తెలుపు కలిసినవి పీతలవి. దాని మీద మీ పేరు, చిరునామా చెరగని సిరాతో రాయాలి. బ్లీచ్ సీసాలు, రంగు డబ్బాలు బోయలుగా వాడకూడదు.

ఎర

చేపనూనె పట్టిన మేత గుళికలను ముందురోజు రాత్రే చేపనూనెలో నానబెట్టి, పొద్దున చేప రుచి ఉన్న పిల్లి మేత డబ్బా ఒకటి కలిపి పిసకండి. కన్నాలున్న ఎర డబ్బాలో మూడింట రెండు వంతులే నింపాలి. నీళ్లలో ఉబ్బి బిగుసుకుంటే వాసన బయటికి రాదు. డబ్బాను సరిగ్గా నడిమధ్యన వేలాడదీయండి. గోడకు ఆనితే రొయ్యలు బయటి నుంచే తినిపోతాయి. ట్రాప్ పైకి తీసిన ప్రతిసారీ ఎర మార్చాలి.

వేయడం, తీయడం

రాతి ఏటవాలు పక్కన, 200 నుంచి 350 అడుగుల లోతులో వెతకండి. ఆటుపోటు మారేటప్పుడు నీరు నిలబడే వేళకు ముందూ వెనకా వేస్తే మేలు. ట్రాప్‌ను విసరకండి. చదునుగా నీళ్లలో పెట్టి, తాడును వేళ్ల మధ్య కొంచెం బిగువుగా వదలండి. వదులైపోతే తిరగబడుతుంది. అడుగు తగలగానే తాడు చేతిలో ఒక్కసారి తేలికవుతుంది. అప్పుడు మిగతా తాడు, చివర బోయ వదలాలి. గంట, గంటన్నర ఆగండి.

తీసేటప్పుడు పడవ ముక్కు ఒరవడికి ఎదురుగా ఉంచి, ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టండి. తాడును చేతికి ఎప్పుడూ చుట్టుకోకండి. ఒకసారి లాగడం మొదలుపెడితే మధ్యలో ఆపవద్దు. ఆగితే ట్రాప్ ఒరుగుతుంది, రొయ్యలు తోక విదిలించి వెనక్కి ఎగిరి గొట్టంలోంచి పోతాయి. 300 అడుగుల లోతులో నాలుగు ట్రాప్‌లంటే ఒక్కసారి తీయడానికే 1,600 అడుగుల తాడు లాగాలి. ఎలక్ట్రిక్ పుల్లర్ ఉంటే మంచిది, కానీ సన్నటి వైరు వేస్తే బరువు పడగానే నీరసిస్తుంది. మందపాటి వైరు వేసి, ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టండి.

ట్రాప్ ఖాళీగా వచ్చి, లోపల రొయ్య పెంకులు మాత్రమే ఉంటే ఆక్టోపస్ దూరిందన్నమాట. ఎర మార్చి లాభం లేదు, కొన్ని వందల అడుగులు జరగండి. గోడలకు బురద పట్టి వస్తే అడుగు మెత్తన, రాతి వైపు జరపాలి. ఎర డబ్బా తిని ఉంది, రొయ్యలు మాత్రం లేవంటే ట్రాప్ కదిలిందని అనుమానించి ముందు బరువు పెంచి చూడండి.

ఒక్కొక్కరికి రెండు ట్రాప్‌లు, పడవకు నాలుగు; రోజుకు 80 స్పాట్ రొయ్యలు. 15 ఏళ్లు నిండినవాళ్లకు షెల్‌ఫిష్ (రొయ్యలు, పీతల వంటివి పట్టే) లైసెన్సు ఉండాలి. ఏ ఏరియా ఏ రోజు ఏ గంటకు తెరుస్తారో రాష్ట్ర చేపలు, వన్యప్రాణుల శాఖ ఏటా ప్రకటిస్తుంది, బయల్దేరే ముందురోజు మళ్లీ చూసుకోండి. సరిహద్దు దాటి కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో వేస్తే లెక్కలన్నీ వేరు.

పట్టిన రొయ్యలను మంచు కరిగిన మంచినీళ్లలో మునగనివ్వకండి. గట్టు చేరగానే తలలు తీసేయాలి. తలలోని ఎంజైములు తోక కండను కొద్ది గంటల్లోనే మెత్తబరిచేస్తాయి.