మేక చూపు, కుక్క చూపు పిల్లలకు ఇట్లా చూపించండి

ఫోన్ పెట్టుకునే అట్ట వీఆర్ (వర్చువల్ రియాలిటీ, మనం ఆ చోటే ఉన్నట్టు చూపించే) కళ్లజోడు ఒక్కటున్నా చాలు, జంతువుల చూపు పాఠం పిల్లలకు గుర్తుండిపోతుంది. అనంతపురం దగ్గర మా బడిలో ఎనిమిదో తరగతికి నేను చేస్తున్నది ఇదే.

పచ్చగడ్డిలో గుప్పెడు పండుమిరపకాయలు చల్లి, బడి ఆవరణను 360 డిగ్రీల ఫొటో తీయండి. ఆండ్రాయిడ్ ఫోన్ డెవలపర్ ఆప్షన్స్‌లో 'సిమ్యులేట్ కలర్ స్పేస్' కింద డ్యూటరానమలీ (ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని చూపు) ఎంచుకుని, ఆ ఫొటోను కళ్లజోడులో చూపించండి. కుక్కకు నీలం, పసుపు బాగానే తెలుస్తాయి, ఎరుపు, ఆకుపచ్చల తేడా మాత్రం తెలియదు. ఈ సెట్టింగ్ అచ్చం కుక్క చూపు కాదు గానీ, ఆ దారిలోనిదే. మొన్న ఒక పాప కళ్లజోడు పెట్టుకుని గాల్లో చేత్తో తడుముతూ, "మిరపకాయలు యాడికి పోయినాయి సార్?" అనింది. ఆ ప్రశ్న పుట్టాకే పాఠం మొదలుపెట్టండి, ముందే చెప్పేయొద్దు.

మేక చూపుకు మాత్రం కళ్లజోడు చాలదు. మేక కంటిపాప అడ్డంగా ఉంటుంది, తల తిప్పకుండానే దాదాపు 320 డిగ్రీలు చూస్తుంది. అట్ట కళ్లజోడులో కనిపించేది అందులో మూడో వంతు కూడా ఉండదు. అందుకే ఒకరిని మధ్యలో నిలబెట్టి, వెనక నుంచి ఇద్దరిని చేతులు ఊపుతూ చెరోపక్క ముందుకు రమ్మనండి. చేయి కనపడిన చోట సుద్దముక్కతో గీత గీయండి. మేకకైతే ఆ గీతలు వీపు వెనక్కి పోతాయి. జీవాలు కాసే ఇంటి పిల్లలుంటే మిగతాది వాళ్లనే చెప్పనివ్వండి.

కళ్లజోడు కూర్చోబెట్టే ఇవ్వండి, రెండు నిమిషాలకు మించొద్దు. కళ్లు తిరుగుతాయి.