డీఎన్ఏ కిట్ తెరిచేముందు

వేసవికి అమ్మానాన్నలు, బామ్మ అమెరికా వస్తున్నారా? ఉమ్మితో చేసే డీఎన్ఏ పరీక్షతో వంశం ఆరా తీయాలనుకుంటే ఇవి చూసుకోండి.

– ముందు పెద్దవాళ్ల నమూనా. బామ్మ డీఎన్ఏలో మీకు వచ్చింది సుమారు పావు వంతే. ఆమె పోయాక మిగతాది మీ నమూనాలో ఎంత వెతికినా దొరకదు. తిరుగు ప్రయాణం దాకా వాయిదా వేయొద్దు.

– ఉమ్మి తీసుకునేముందే అడగండి: ఎవరికీ తెలియని దత్తతో, సవతి తోబుట్టువో బయటపడితే సరేనా? వద్దంటే ఆపేయండి.

– మేనరికాలన్నీ రాసిపెట్టుకోండి. మన ఇళ్లలో ఇదే ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. తరాలుగా మేనరికాలుంటే దూరపు చుట్టం కూడా దగ్గరివాడిలా కనిపిస్తాడు. మొత్తం సెంటీమోర్గాన్లు (ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న డీఎన్ఏకి కొలత) చూసి సంబరపడకండి, ఆ ఉమ్మడి డీఎన్ఏలో అన్నిటికంటే పొడవైన ముక్క ఎంతో చూడండి. 7, 8 సెంటీమోర్గాన్ల తునకలు డజను కలిసినా దగ్గరి బంధుత్వం కాదు.

– అమ్మ పుట్టింటి ఇంటిపేరు శాఖకు వై-డీఎన్ఏ మేనమామది కావాలి. అది తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది.

– ఉమ్మికి ముందు 30 నిమిషాలు కాఫీ, వక్కపొడి, ఏదీ వద్దు. నోరు ఎండితే బుగ్గలు పైనుంచి రుద్దాలి. ట్యూబు మీది గీత దాకా రావాల్సింది ఉమ్మి, నురగ కాదు.

– పోస్టు చేసేముందు ట్యూబు మీది కోడ్ నమోదు చేయండి. లేకపోతే ఆ నమూనా ఎవరిదో తేలక ఆగిపోతుంది.

– పాస్‌వర్డ్ కొత్తది పెట్టండి. 2023లో డీఎన్ఏ పరీక్షల కంపెనీ ట్వంటీత్రీ అండ్ మీలో, వేరేచోట్ల లీకైన పాస్‌వర్డ్‌లే వాడిన ఖాతాల ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి.