రాత్రిపూట పాప కాళ్ల నొప్పులు: నా అనుభవం

మా పాపకు ఐదేళ్లు. పగలంతా గంతులే. రాత్రయితే నిద్రలో లేచి "అమ్మా, కాళ్లు లాగేస్తున్నాయి" అని ఒకటే ఏడుపు. తెల్లారేసరికి ఏమీ ఉండదు! మా అత్తయ్య దిష్టి అని ఉప్పు తిప్పి పడేశారు. పిల్లల డాక్టరు మోకాళ్లు, తుంటి కదిపి చూసి రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి 12 మాత్రమే ఉంది, 20 పైన ఉండాలి. మిగతావన్నీ బాగున్నాయి. 3 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో రెండు కాళ్లకూ వచ్చే ఈ ఎదుగుదల నొప్పులు మామూలేనట. ఆయన రాసిన డి చుక్కలు వేశాను. పడుకునే ముందు పిక్కలు సాగదీయించి, గోరువెచ్చని నూనెతో మర్దన చేశాను (ఇది పాపకి భలే ఇష్టం). మెల్లగా ఏడుపులు తగ్గాయి. ఒక్క కాలే నొప్పెట్టినా, కీలు వాచినా, పొద్దున కుంటినా, జ్వరం ఉన్నా మర్దనతో సరిపెట్టకుండా వెంటనే చూపించండి. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు సొంతంగా వేయొద్దు.