కొత్తవారి చేతికి తుపాకీ ఇచ్చే ముందు శిక్షకులు తీసుకోవలసిన జాగ్రత్తలు

కొత్త బ్యాచ్ ఫైరింగ్ రేంజ్‌లో అడుగుపెట్టే ముందు తుపాకులు, తూటాలు, టార్గెట్లు సరిచూసుకోవడం అందరూ చేసే పనే. అంతకంటే ముందు తేల్చుకోవలసింది శిక్షకుడి చూపు ఎక్కడ ఉండాలన్నది. కాల్చే వ్యక్తి కళ్లు గురి మీద ఉంటాయి. మీ కళ్లు మాత్రం ఆ వ్యక్తి చేతుల మీద, ట్రిగ్గర్ దగ్గరి వేలి మీద, గొట్టం మొన మీద ఉండాలి. తూటా ఎక్కడ తగిలిందో చూడాలన్న ఆసక్తి శిక్షకుడికీ ఉంటుంది. ఆ ఒక్క క్షణంలోనే నేర్చుకునేవారు సంతోషంతో తుపాకీతో సహా వెనక్కి తిరుగుతారు. టార్గెట్‌ను తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

నిలబడే చోటు కూడా అంతే ముఖ్యం. కొత్తవారికి చేయి చాపితే అందేంత దగ్గరలో, కాల్చే చేతి వైపు కాస్త వెనకగా ఉండండి. తుపాకీ పక్కకు తిరగబోతే ముంజేతిని పట్టి ఆపగలగాలి. మొదటిసారి కాల్చేవారు ఎందరుంటే అందరికీ ఒక్కొక్క శిక్షకుడు ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. అంతమంది లేకపోతే ఒకరి తర్వాత ఒకరిచేత కాల్పించండి, ఆలస్యమైనా ఫర్వాలేదు.

2014 ఆగస్టులో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో తొమ్మిదేళ్ల బాలికకు ఉజీ తుపాకీ నేర్పిస్తూ ఒక శిక్షకుడు ప్రాణాలు కోల్పోయాడు. మొదట ఒక్క తూటా కాల్పించి, ఆ వెంటనే ఆటోమేటిక్‌కు మార్చారు. వరుసగా పేలుతూ వెనక్కి తన్నిన తుపాకీని ఆ చిన్న చేతులు అదుపు చేయలేకపోయాయి. అది పైకి లేచి, పక్కనే ఉన్న శిక్షకుడి వైపు తిరిగింది. ఆ పాప తప్పు ఇందులో ఏమీ లేదు. ఏ చేతికి ఏ ఆయుధం ఇవ్వాలో నిర్ణయించేది శిక్షకుడే. అందుకే కొత్తవారికి తక్కువగా తన్నే తుపాకీ ఎంచుకోండి, మొదట ఒక్క తూటా మాత్రమే నింపండి. దాన్ని స్థిరంగా కాల్చి, వేలు ట్రిగ్గర్ మీద నుంచి తీశాకే మరొకటి ఇవ్వండి. వయసు, చేతి బలం సరిపోవని అనిపిస్తే కాల్పించవద్దు. ఎవరు ఎంత బతిమాలినా సరే.

అమెరికాకు చెందిన తుపాకీ శిక్షకుడు జెఫ్ కూపర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు సూత్రాలు శిక్షకులందరికీ తెలిసినవే: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే భావించాలి, కాల్చదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, లక్ష్యం వెనక ఏముందో తెలిసి ఉండాలి. వీటిని వల్లె వేయించడం చాలదు, మీరు పాటిస్తుంటే వాళ్లు చూడాలి. ఖాళీ తుపాకీని చూపించేటప్పుడు నిర్లక్ష్యంగా అందరి మీదుగా తిప్పే శిక్షకుడి దగ్గర ఎవరూ జాగ్రత్త నేర్చుకోరు.

ఖాళీ చేయడంలో వరుస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. పిస్టల్‌లో ముందు మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) వెనక్కి లాగాలి. మ్యాగజైన్ ఉండగానే స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని, అంటే గొట్టం మొదట్లో పేలడానికి సిద్ధంగా ఉన్న అరలోని, తూటా బయటపడుతుంది, కానీ స్లైడ్ ముందుకు పోతూ మరో తూటాను లోపలికి నెడుతుంది. ఒకటి బయట పడింది కదా, ఖాళీ అయిందని కొత్తవారు నమ్మేస్తారు. అందుకే ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవడం నేర్పండి.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి. తూటాలోని మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. శబ్దం మామూలు కంటే బలహీనంగా వస్తే మరింత ప్రమాదం. తూటా గొట్టంలోనే ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనక ఇంకొకటి కాలిస్తే గొట్టం పగిలిపోతుంది. ఈ రెండూ కాల్పులకు ముందే చెప్పాలి. చెవులకు రక్షణ పెట్టుకున్నాక మీ మాట సరిగా వినిపించదు.

అదే కారణంగా ‘కాల్పులు ఆపండి’ అనే కేకతో పాటు ఒక చేతి సైగ కూడా ముందే ఖాయం చేసుకోండి. ప్రమాదం కనిపిస్తే ఆ కేక వేసే హక్కు అందరికీ ఉందని స్పష్టంగా చెప్పండి. వేడి తూటా తొడుగు ఎగిరి కాలర్‌లో పడితే ఎవరైనా గెంతులు వేస్తారు. మెడకు దగ్గరగా ఉండే దుస్తులు, కళ్లద్దాలు, టోపీ తప్పనిసరి చేయండి.

తుపాకీ శబ్దం సాధారణంగా 140 డెసిబెల్స్ దాటుతుంది, ఒక్క పేలుడుతోనే వినికిడి దెబ్బతినవచ్చు. నాలుగు గోడల మధ్య రేంజ్‌లో చెవిలో పెట్టే ప్లగ్గులు, పైన చెవులను కప్పే మఫ్‌లు రెండూ వాడాలి.

గాయమైతే రక్తం ఆపే టోర్నికే ఎక్కడుందో, దాన్ని ఎవరు కడతారో, అంబులెన్స్‌కు గేటు దగ్గర ఎవరు ఎదురెళ్తారో పేర్లతో సహా ముందే నిర్ణయించండి. మద్యం తాగినవారిని, నిద్ర లేనివారిని, కోపంతో వణుకుతున్నవారిని ఆ రోజు వెనక్కి పంపండి. ఆ స్థితిలో మీరే ఉంటే తరగతి రద్దు చేయండి.

తూటాల నుంచి వెలువడే సీసం గురించి శిక్షకులు తమ కోసమైనా పట్టించుకోవాలి. నేర్చుకునేవారు గంటసేపు ఉండి వెళ్తారు, మీరు రోజూ ఆ గాలే పీలుస్తారు. రేంజ్‌లో తినకండి, తాగకండి. గాలి వచ్చిపోయే ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూసుకోండి, రక్తంలో సీసం పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోండి. చేతులు, ముఖం సబ్బుతో కడుక్కుని, బట్టలు, బూట్లు మార్చుకున్న తర్వాతే ఇంట్లో పిల్లలను ఎత్తుకోండి.