బేస్ గిటార్ బ్యాగు: లక్షణం ఏది, లోపం ఎక్కడ?

షాపులో బేస్ గిటార్ గిగ్ బ్యాగు (వీపున వేసుకునే మెత్తటి సంచి) చూపించేవాళ్లు ఫోమ్ మందం ఒక్కటే గొప్పగా చెబుతారు. బేస్‌కి దెబ్బలు మాత్రం ఆ ఫోమ్ ఉన్న పక్కల నుంచి తక్కువ, రెండు కొనల నుంచి ఎక్కువ తగులుతాయి. పైకొన హెడ్‌స్టాక్ (తీగలు బిగించే కీలుండే తల), కిందికొన స్ట్రాప్ పిన్ (భుజం పట్టీ తగిలించే చిన్న బొడిపె). నాలుగు కిలోల బరువు ఈ రెండు చోట్ల ఎలా ఆనుతోందో చూస్తే చాలా సమస్యల మూలం దొరుకుతుంది.

బ్యాగు తెరిచిన ప్రతిసారీ శ్రుతి పోయి ఉంటోంది

ఎన్ని తీగలు పోయాయో ముందు చూడండి. నాలుగూ ఒకే వైపుకి జారితే అది ఎండ, తేమ, ఏసీ చేసిన పని. బ్యాగుని తిట్టి లాభం లేదు. ఒకటో రెండో మాత్రమే పోతే ట్యూనింగ్ కీ బ్యాగు గోడకి ఒత్తుకుని తిరిగిందన్నమాట. బేస్ కీలు పెద్దవి, ఫెండర్ తరహా హెడ్‌స్టాక్‌లో నాలుగూ ఒకే పక్కన ఉంటాయి. పైభాగం మరీ సన్నగా కుట్టిన బ్యాగుల్లో ఈ బాధ తప్పదు. కొనేటప్పుడు జిప్పు వేశాక, కీల మీద బయటి నుంచి చెయ్యి పెట్టి చూడండి. గుడ్డ బిగుసుకుని కీ చేతికి తగిలితే ఆ బ్యాగు వద్దు.

అడుగున చిల్లు పడింది, లేదా స్ట్రాప్ పిన్ వదులైంది

ఇవి రెండూ ఒకే జబ్బు. బ్యాగుని నేల మీద నిలబెట్టిన ప్రతిసారీ మొత్తం బరువు కింద పొడుచుకొచ్చిన ఆ చిన్న పిన్ మీదే పడుతుంది. ముందు లోపలి గుడ్డ అరుగుతుంది, తర్వాత ఫోమ్ నలిగి గుంట పడుతుంది, చివరికి పిన్ బయటికి తొంగి చూస్తుంది. ఆలోగా గచ్చు తాకిన ప్రతి దెబ్బా స్క్రూ ద్వారా చెక్కలోకి పోతుంది. పిన్ చుట్టూ పెయింట్‌లో వెంట్రుక మందం పగుళ్లు కనిపిస్తే ఇదే కారణం. స్ట్రాప్ లాక్ (పట్టీ ఊడకుండా పట్టే బిగింపు) వేసుకున్నవాళ్లకి ఇంకా తొందరగా వస్తుంది, ఎందుకంటే అది ఇంకాస్త బయటికి ఉంటుంది.

కొనేటప్పుడు బ్యాగు లోపలికి చెయ్యి దూర్చి అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కండి. నేల తెలిసిపోతే పక్కన ఎంత మందం ఉన్నా దండగే. గట్టి రబ్బరు అడుగు ఉండాలి. ఉన్న బ్యాగునే బాగుచేసుకోవాలంటే పాత యోగా మ్యాట్‌ని రెండు మూడు పొరలుగా కోసి, పిన్ పట్టేంత రంధ్రం చేసి అడుగున వేయండి. బరువు బాడీ అంచు మీద ఆనాలి, పిన్ గాల్లో ఉండాలి. బయట చిల్లుకి బైక్ సీట్ కవర్లు కుట్టే రెగ్జిన్ షాపులో మందపాటి అతుకు వేయించవచ్చు. వదులైన స్క్రూకి, రంధ్రంలో ఫెవికాల్ రాసిన టూత్‌పిక్ ముక్కలు దట్టించి, బాగా ఆరాక తిరిగి బిగిస్తే చాలాసార్లు నిలుస్తుంది.

నట్ వెనక సన్నటి గీత

నట్ అంటే నెక్ (గిటార్ పొడవాటి మెడ) హెడ్‌స్టాక్‌తో కలిసేచోట తీగలు ఆనే చిన్న పట్టీ. ఆ గీత మీద గోరుతో గీకి చూడండి. గోరు పట్టినా, తీగలు వదులు చేసినప్పుడు గీత మూసుకున్నా అది పెయింట్ గీత కాక చెక్క పగులు కావచ్చు. తీగలన్నీ దించేసి రిపేరు చేసేవారికి చూపించండి. గోడకి ఆనించిన బ్యాగు వెల్లకిలా పడితే హెడ్‌స్టాక్ వెనకభాగమే ముందు నేలని కొడుతుంది. గిబ్సన్ థండర్‌బర్డ్‌లా హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉన్న బేస్‌లకి ప్రమాదం ఎక్కువ. ఫెండర్ వాటికి కొంత నయం.

దీనికి మందు నెక్ కింద దిండు. నట్‌కి కాస్త కిందుగా నెక్‌ని పట్టుకునే ఫోమ్ దిమ్మ, మీద వెల్‌క్రో పట్టీ ఉంటే హెడ్‌స్టాక్ దేనికీ తగలకుండా ఉంటుంది. బేస్ పెట్టి జిప్పు వేసి బ్యాగుని అటూఇటూ వంచండి. లోపల "దబ్" మంటే సైజు తప్పు. 1951లో లియో ఫెండర్ ప్రిసిషన్ బేస్ తెచ్చినప్పటి నుంచి 34 అంగుళాల స్కేలే (తీగ మోగే భాగం పొడవు) మామూలైంది. అలాంటి బేస్ మొత్తం పొడవు సుమారు 46 అంగుళాలు. మామూలు ఎలక్ట్రిక్ గిటార్ బ్యాగులో అది పట్టదు. అకౌస్టిక్ బేస్ కోసం కుట్టిన వెడల్పాటి బ్యాగులో పడుతుంది గానీ లోపల ఈత కొడుతుంది. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు "బేస్ గిటార్" అన్న మాటని నమ్మకుండా లోపలి కొలత అంగుళాల్లో చూడాలి.

బండి మీద వెళ్తుంటే కొమ్మలు, షట్టర్లు తగులుతున్నాయి

వీపు పట్టీల పైకొనలు బ్యాగుకి ఎక్కడ కుట్టారో చూడండి. కిందుగా కుడితే బ్యాగు తలమీద జెండాకర్రలా లేస్తుంది. పైకి కుట్టినది కిందికి దిగుతుంది, కానీ అప్పుడు అడుగు భాగం వెనక సీటుకి ఆని, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా పిన్‌కి గుద్దు తగులుతుంది. నా లెక్కలో పైకి కుట్టిందే మేలు, అడుగున ఆ రబ్బరు ఉంటేనే. ఆదివారం చర్చికీ, రాత్రి ఆర్కెస్ట్రాకీ బండి మీదే మోసేవాళ్లు పట్టీల కుట్టు కూడా లాగి చూడాలి. పట్టీ కొన దగ్గర చతురస్రంలో ఇంటూ గుర్తు వేసినట్టు కుట్టు ఉండాలి. ఒంటి వరస కుట్టు ఎక్కువ కాలం ఆగదు.

వానకి లోపల తడి

గుడ్డలోంచి వచ్చేదానికన్నా జిప్పులోంచి వచ్చేదే ఎక్కువ. జిప్పు మీద మూత ఉన్న బ్యాగు కొనండి, లేదా వాన తొడుగు వేయండి. ఇంటికి రాగానే బేస్ బయటికి తీసి తుడవండి. బ్యాగుని నీడలో తెరిచి ఆరేయండి. మండుటెండలో పెడితే లోపలి పూత పొట్టు రాలుతుంది.

పిక్‌గార్డ్ (బాడీ మీది పలుచటి పలక) మీద గీతలు, తీగల కింద నొక్కులు

బ్యాగు ముందు జేబులో పెడల్, అడాప్టర్ పెడుతున్నారా? అవి లోపలికి ఒత్తుకుంటాయి, వేరే సంచిలో పెట్టండి.

ఇంత చేసినా గిగ్ బ్యాగు చేయలేని పని ఒకటుంది: మీద ఇంకో సామాను పడితే ఆపడం. బస్సు డిక్కీలో వేయమంటే, విమానంలో చెక్-ఇన్ చేయమంటే, స్పీకర్లతో కలిపి వ్యానులో ఎక్కిస్తామంటే హార్డ్ కేసు కావాలి. రైల్లోనైతే పై బెర్త్ తీసుకుని, బేస్‌ని గోడవైపు పెట్టుకుని పడుకోవచ్చు.