కూలెంట్ లీకు వెతకడానికి ముందు జాగ్రత్తలు

ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా రేడియేటర్ మూత జోలికి వెళ్లకండి. ఒత్తిడి వల్ల లోపలి కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, 100 డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైతే చాలు, ఎగజిమ్మి ముఖం కాల్చేస్తుంది. చల్లారాక కూడా మందపాటి గుడ్డ కప్పి మెల్లగా తిప్పండి.

బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపినా ఫ్యాను తిరుగుతుంది.

కారు కిందికి దూరాలంటే స్టాండ్లు తప్పనిసరి. ఒట్టి జాకీని నమ్మవద్దు.

ఒలికిన కూలెంట్‌ను వెంటనే తుడవండి. తియ్యగా ఉంటుంది, కానీ విషం. కుక్కలూ పిల్లులూ నాకుతాయి.

ఒత్తిడి పరీక్షలో, అంటే పంపుతో రేడియేటర్‌లోకి గాలి కొట్టి లీకు చూసేటప్పుడు, మూతపై ఉన్న ఒత్తిడి అంకె దాటవద్దు. అత్యుత్సాహానికి మంచి గొట్టమూ చీలుతుంది.

ముందే ఇంజిన్ కడిగేయకండి, ఆనవాళ్లు పోతాయి. గొట్టాల క్లిప్పుల దగ్గర, వాటర్ పంపు అడుగున ఉండే సన్నని రంధ్రం దగ్గర టార్చి వేయండి. ఎండి పొక్కు కట్టిన చార కనిపిస్తే దొంగ దొరికినట్టే.